ఎడమ బాణం

"పదహారు పాయింట్లు తక్కువ," అన్నాడు భీమన్న, ఆర్పిన బీడీని చెవి మీద పెట్టుకుంటూ. "మూడుసార్లు ఆడితివి, మూడుసార్లూ గంతే. దిగు బిడ్డా."

మహేందర్ దిగలేదు. గద్వాల పాత బస్టాండు వెనుక రేకుల షెడ్డులో, ఆ డాన్సు మిషన్ మీదే నిలబడి చెమట తుడుచుకున్నాడు. కాళ్ల కింద నాలుగు బాణాలు వెలిగి ఆరుతున్నాయి. ముందున్న తెర మీద బాణం ఎటు చూపితే అటు తొక్కాలి, పాట తాళం తప్పకుండా. అంతే ఆట. ఇంటర్ చదివిన రోజుల్లో హైదరాబాదులో ఇలాంటి మిషన్ మీదే సగం కాలేజీ గడిపాడు. ఇప్పుడు అక్కడ ఒక్కటీ లేదు. గద్వాలలో ఇంకా ఒకటి మిగిలి ఉందని తెలిసి వనపర్తి నుంచి పొద్దున్నే బస్సెక్కాడు.

"నాలుగు గంటలకు పాత సామాన్లోడు ఆటో తెస్తడు," అన్నాడు భీమన్న. "అంతలోపల రికార్డు కొడితివా, మిషన్ నీది. ఒక్క పైస ఇయ్యకు. కొట్టకుంటివా, ఇనుముల పోతది."

"గింత మంచి మిషన్‌ను ఇనుముల ఎట్ల ఏస్తవ్ కాకా?"

"ఎనిమిదేండ్ల కింద తెచ్చిన. అప్పుడు లైను కట్టేటోళ్లు. ఇప్పటి పోరగాళ్లు నెట్ సెంటర్ల కూసుండి చేతి ఏళ్లతోటి ఆడుతరు. ఒళ్లు కదలొద్దు, ఆట కావాలె."

తెర మీది రికార్డుల్లో మొదటి పేరు మూడు ఇంగ్లీషు అక్షరాలు. ఇ, ఆర్, ఎన్. ఏడేళ్లుగా దాన్ని ఎవరూ కిందికి దించలేదు.

"ఎవరు కాకా ఈమె?" అడిగాడు మహేందర్.

"ఆడమనిషని నీకెట్ల తెల్సు?"

మహేందర్ వంగి చూపించాడు. "తక్కిన మూడూ పాదాలకు నున్నగ అరిగినయ్. ఈ ఎడమ బాణం మీద చూడు, అన్నీ రూపాయి బిళ్లంత గుంతలు. ఎత్తు మడమల చెప్పులేసుకుని ఆడింది."

భీమన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా మిషన్ ఎక్కాల్నంటె ఎవరైనా చెప్పులిడువాల్సిందే. సర్పంచు కొడుకు గూడ ఇడిసే ఎక్కిండు. ఆమె గాదు, ఆయన. మగ్గం నేసే ఈరన్న. నాలుగు సందులవతల ఇల్లు. పోయి నువ్వే చూడు."

ఈరన్న గుమ్మం ముందు ఒక్క చెప్పే ఉంది. రెండోది కుక్క ఎత్తుకుపోయి ఉంటుందనుకున్నాడు మహేందర్. లోపల గది నిండా మగ్గమే. గుంత మగ్గం కాబట్టి నేసే మనిషి నడుము దాకే కనిపిస్తున్నాడు. నలభై దాటిన మనిషి. చేతుల్లో దారం కండె ఉన్న నాడె అటూ ఇటూ ఎగురుతోంది. కింద గుంతలో కాలితో తొక్కే పలకలు టకటకమంటున్నాయి. గోడకు ఆనించిన కర్ర మీద తడి తువ్వాల ఆరేసి ఉంది.

"డాన్సు మిషన్ సంగతి అన్నా," అన్నాడు మహేందర్. "చివర్ల ఎడమ బాణాలు గుంపుగ వస్తయి చూడు, గాడనే తప్పుతున్న. పదహారు పాయింట్లు."

ఈరన్న చేయి ఆగలేదు. "నేల మీద తొక్కి చూపియ్యి."

మహేందర్ తొక్కాడు. ఈరన్న కళ్లు మూసుకుని విన్నాడు.

"బాణం కంట్ల వడ్డంక తొక్కుతున్నవ్. మగ్గం మీద ముందు కాలు పోవాలె, దాని ఎనుక నాడె పోవాలె. నాడె కోసం కాలు ఆగితే బట్ట పాడైతది. పాట విని తొక్కు, తెర చూసి గాదు."

"ఇంకా?"

"నీ రెండు కాళ్లు కొట్లాడుకుంటున్నయ్, నేను ముందంటే నేను ముందని. ఆ పంచాయితీల నీ పదహారు పాయింట్లు పోతున్నయ్. ఎడమ దిక్కుకు ఏది పోవాల్నో ముందే ఒప్పందం చేస్కో."

మహేందర్ గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "గింత చెప్తున్నవ్. నీ రికార్డు పోతది గద అన్నా?"

"ఇనుముల పోవుడు కన్న ఆటల పోవుడు మేలు," అన్నాడు ఈరన్న. "పోతే మల్ల తెచ్చుకుంట. పో, టైము లేదు."

మూడున్నరకు షెడ్డులో మహేందర్ కేక బస్టాండు దాకా వినిపించింది. తొమ్మిది పాయింట్లు ఎక్కువ. ఏడేళ్ల పేరు రెండో వరుసకు దిగింది.

"మిషన్ నాది!"

"ఉరకకు," అన్నాడు భీమన్న. "రికార్డు పోయినోనికి ఇంకొక్క ఆట ఇయ్యాలె. ఇది నా షెడ్డు కానూన్. పిలుస్కరా పో."

మహేందర్ ఈరన్న ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అన్నా, దించిన నీ పేరు! తొమ్మిది పాయింట్లు!"

"శభాష్."

"కాక పిలుస్తుండు. ఇంకొక్క ఆట ఉందంట నీకు. వస్తవా? మగ్గంల కూసుండి కూసుండి కాళ్లు మొద్దువారి ఉంటయి. నన్ను చూసి జర నేర్సుకో."

ఈరన్న కోపం తెచ్చుకోలేదు. నాడెను బట్ట మీద పెట్టి చేతులు దులుపుకున్నాడు. "గుమ్మం కాడ చెప్పుంది, ఇటు అందియ్యి."

"ఒక్కటే ఉందన్నా. రెండోది ఏది?"

"ఒక్కటి చాలు. తువ్వాల తీసి ఆ కర్ర గూడ ఇయ్యి."

మహేందర్ తువ్వాల తీశాడు. కర్ర పైకొసన చంకకు ఆనే అడ్డచెక్క ఉంది. తిప్పి చూశాడు. కింది కొసకు నల్ల రబ్బరు బిళ్ల, గుండ్రంగా, రూపాయంత. పెదవుల మీది నవ్వు అలాగే ఆగిపోయింది.

"జరుగు బిడ్డా," అని ఈరన్న రెండు చేతులూ గట్టు మీద ఆనించి లేచాడు.

గుంతలోంచి ఒక్క కాలే పైకొచ్చింది.