అట్టపెట్టె మీద దేవుడు

దేవుడు అట్టపెట్టె మీద కూర్చుంటాడా అన్నది నా అనుమానం. ఎన్నో ఏళ్లుగా మోస్తున్నాను.

మా దేవుడి పటం ఉన్నది డ్రిల్లు మిషన్ వచ్చిన పెట్టె మీద. పటం ముందు దీపం. వెలిగించాలంటే మోకాలు పట్టుకుని వంగాలి.

పైన, సరిగ్గా నా భుజమెత్తున, గోడ మీద ఒక పెన్సిల్ గీత.

ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో మా ఆయన గీశారు. "ఇక్కడ నీకు అర కొట్టేస్తాను. హాయిగా నిలబడి దండం పెట్టుకుందువు."

మా ఆయన వడ్రంగి. ఊళ్లో వాళ్ల వంటిళ్లన్నీ అరలతో నింపారు.

మా అర మాత్రం గీత దగ్గరే ఆగింది. ఆ మూల ఉన్నది ఇటుక గోడ కాదు, కాంక్రీటు స్తంభం. సరిగ్గా అప్పుడే మా మిషన్ బ్యాటరీ చచ్చింది. ఆ మోడల్‌ది ఇక రాదని కొట్టువాడు చెప్పాడు.

"ఒళ్లు ఉక్కే. ప్రాణమే పోయింది," అంటూ మిషన్‌ని పెట్టెలో పెట్టి మూసేశారు. పారేయడానికి మనసొప్పలేదు.

పనికి మేస్త్రి మిషన్ ఉంది. కానీ ఎరువు తెచ్చినదానితో దేవుడి అర కొట్టరట.

అప్పటినుంచి సొంతానికి కొత్తది వెతుకుతున్నారు, పెళ్లిసంబంధాలు వెతికినట్టు. ఒకటి బలమైనదే, బ్యాటరీకి దమ్ము లేదు. ఒకటి పొద్దస్తమానం తిరుగుతుంది, లోపల పళ్లచక్రాలు ప్లాస్టిక్‌వి. ఇంకోటి అన్నివిధాలా కుదిరింది. ధర అడిగి, కొట్లో మంచినీళ్లు తాగి వచ్చేశారు.

మొన్న ఉదయం దీపం పక్కకి ఒరిగింది. పెట్టె అంచు అంటుకుంది. తడిగుడ్డతో అదిమి ఆర్పాను.

"ఎరువుదో సొంతందో నాకు తెలీదు," అన్నాను. "ఆదివారం అర పడాలి. లేదంటే దేవుడు మీ మంచం మీద, మీరు ఈ పెట్టె మీద."

ఆదివారం మా ఆయన మేస్త్రి మిషన్ అడిగి తెచ్చారు. కరెంటు పని చేసే మా తమ్ముడు కొత్తగా కొన్న తన మిషన్‌తో దిగాడు.

"బావా, నాది చూడు. ఒక్కసారి చార్జింగ్ పెడితే రెండు రోజులు అన్నం అడగదు."

"మాటలొద్దురా," అన్నాను. "అదిగో గీత. అదిగో స్తంభం."

పటం, దీపం తీసి పక్కన పెట్టాను.

మేస్త్రి మిషన్ నానిన సబ్బులోకి దిగినట్టు దిగింది. మొదటి కన్నం పడింది. రెండోది సగంలో ఉండగా మూలిగి ఆగిపోయింది. చార్జరు మేస్త్రి ఇంట్లో ఉంది.

"పహిల్వానే పాపం, తిండి చాల్లేదు," అన్నాడు తమ్ముడు.

వాడి మిషన్ తిరిగింది. తిరుగుతూనే ఉంది. కన్నం మాత్రం లోతు కాలేదు. కాసేపటికి కాలిన వాసన.

"ఆపరా, కొంప అంటుకుంటుంది!" అన్నారు మా ఆయన. "అచ్చం నీలాగే ఉంది. అలుపు లేదు, పని లేదు."

తమ్ముడు మొహం మాడ్చుకుని బ్యాటరీ ఊడదీసి నేల మీద పెట్టాడు, మా పెట్టె పక్కనే.

ఆ పెట్టె మీది బొమ్మని రోజూ తుడిచేది నేను. మిషన్ బొమ్మ పక్కన బ్యాటరీ బొమ్మ విడిగా ఉంటుంది. నెత్తిన రెండు గాడులు, మధ్యలో రాగి రేకులు.

నేల మీదిదీ అలాగే ఉంది.

"ఏమండీ, ఇది మనదానికి పట్టదా?"

"నీ పిచ్చి గానీ. అదెప్పటిదో, ఇది నిన్నటిది."

"కంపెనీ ఒకటే కదా?"

"ఒకటైతే? నువ్వూ వీడూ ఒకే కడుపున పుట్టారు. బుర్రలు ఒకేలా ఉన్నాయా?"

ఇది ఎవరిని మెచ్చుకోవడమో తెలియక తమ్ముడు నవ్వబోయి ఆగాడు.

నాది తప్పని చూపించడానికే ఆయన పెట్టె తెరిచారు. దుమ్ము ఊది, బ్యాటరీని గాడిలోకి తోశారు.

టక్.

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మీట నొక్కారు. పాత మిషన్ ఒకసారి దగ్గింది. ఆ తర్వాత గొంతు విప్పింది.

సగంలో ఆగిన కన్నం పూర్తయింది. తర్వాతది. ఆ తర్వాతది. ఆయన మీసాల మీద, నా జుట్టు మీద తెల్లటి పొడి. చివరి కన్నం కూడా పడ్డాక చూస్తే, బ్యాటరీ మీద చార్జింగ్ చూపించే పచ్చదీపాల్లో ఆరింది ఒక్కటే.

"ఓరి నాయనో!" తమ్ముడు నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. "బావా, ఇంట్లో దీన్ని పెట్టుకుని ఊరంతా సంబంధాలు చూశావా?"

ఆయన వినిపించుకోలేదు. మిషన్‌ని పసిపిల్లని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు.

"ఒళ్లు ఉక్కని చెప్పానా? బ్యాటరీ ఒక్కటి కొనుక్కుంటే చాలు. ఇంకో పదేళ్లు చూసుకోనక్కర్లేదు."

ఇన్నేళ్లూ దేవుడు సమాధానం మీదే కూర్చున్నాడన్నమాట. కూర్చుని చూపించాడో, కూర్చుని దాచాడో. అది నా కొత్త అనుమానం.

చెక్క బిగించాక ఆయన రెండు చేతులతో పట్టుకుని వేలాడినంత పని చేశారు. కదల్లేదు.

"చాల్లెండి, దేవుడు మీ అంత బరువుండడు."

పటం ఎత్తి పెట్టాను. ముందు దీపం పెట్టాను.

నిలబడే వెలిగించాను.

"బాకీ తీరిందా?" అన్నారు వెనకనుంచి.

గోడ వైపు చూశాను.

పెన్సిల్ గీత కనబడలేదు.