పొలుసు అంటిన కార్డు

ఏటీఎం గుమ్మం దగ్గర సత్యశ్రీ కాలి మెట్టె జారింది. సర్దుకోబోతే చేతిలోని కార్డు కింద పడింది.

పెళ్లై ఇరవై రెండు రోజులు. మెట్టెలు ఇంకా వేళ్లకు అలవాటు పడలేదు. జారిన ప్రతిసారీ ఆమెకు నవ్వే వచ్చేది.

ఆమె వంగేలోపే, గుమ్మం పక్కన చేపల బేసిన్ ముందు కూర్చున్న ఒకామె కార్డు తీసి అందించింది.

తడి చెయ్యి. కార్డంతా చేపనీళ్లు. ఒక మూల చిన్న పొలుసు.

"ఇదిగోండి అమ్మాయిగారూ. లోపల ఎవరి చేతికీ ఇవ్వకండి."

"సరేలెండి," అంది సత్యశ్రీ, కార్డును రెండు వేళ్లతో పట్టుకుని.

"నంబరు కొట్టేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోండి."

"నేను బీకాం చదివానండి."

"ఆయ్. చదువుకున్నోళ్లే ఎక్కువ ఇస్తున్నారండి."

రోడ్డవతల భర్త సురేంద్ర బండి మీద కూర్చుని రాజమండ్రి ఇంటి ఓనరుతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. సాయంత్రంలోగా అడ్వాన్సు నగదుగా ఇవ్వకపోతే ఆ పోర్షన్ ఇంకెవరికో వెళ్లిపోతుంది. పెళ్లి చదివింపులన్నీ ఈ కార్డు ఖాతాలోనే ఉన్నాయి.

ఆ పోర్షన్ వంటింటి కిటికీలోంచి అరచేతి వెడల్పు గోదావరి కనిపిస్తుంది. కిటికీకి ఏ రంగు పరదా కట్టాలో కూడా సత్యశ్రీ అనుకుని ఉంచుకుంది.

మెషిన్ కార్డు తీసుకోలేదు. రెండోసారీ తీసుకోలేదు.

"చేపల తడి అంటుకుంది కదా మేడమ్. అందుకే తీసుకోవట్లేదండి."

వెనక ఒక యువకుడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు, చేతిలో మడత నలగని తెల్ల రుమాలు.

"అవునండి. పైగా ఆ వాసనొకటి."

అతను చెయ్యి చాపాడు. ఆమె ఇచ్చేసింది. ఎంత మర్యాదస్తుడో అనుకుంది.

అతను కార్డును రుమాలుతో తుడిచి తనే మెషిన్లో పెట్టాడు. "పిన్ కొట్టండి."

కొట్టింది.

"సర్వర్ డౌన్ అండి. గంటాగి రండి." కార్డు తీసి మర్యాదగా ఆమె చేతిలో పెట్టాడు.

అంతలో అద్దాల తలుపు తోసుకుని చేపలామె లోపలికి వచ్చింది.

"ఆడికెందుకిచ్చారండీ? ఒరేయ్, ఆగు. జేబులో ఏవుందో చూపించు."

"ఏంటండీ ఈ గొడవ? మీ చేతి తడి వల్లే కదా ఇదంతా," అంది సత్యశ్రీ విసుగ్గా.

యువకుడు పక్కకు తప్పుకుని బయటికి నడిచాడు. చేపలామె బేసిన్ అక్కడే వదిలేసి అతని వెనకే పరుగెత్తింది.

"ఎవరు శ్రీ ఆవిడ?" అడిగాడు సురేంద్ర.

"ఏమోనండి. చేపలు కొనలేదని కోపమేమో."

ఇద్దరూ నవ్వుకున్నారు.

గంట గడవాలి కదా అని కాలవ గట్టున చెరుకురసం బండి దగ్గర ఆగారు. ఒకే గ్లాసు, రెండు స్ట్రాలు.

గ్లాసు నోటిదాకా తెచ్చేసరికి వేళ్ల నుంచి చేపల వాసన. సత్యశ్రీ నిమ్మచెక్క అడిగి చేతులు రుద్దుకుంది. కార్డుకూ రుద్దుదామని బ్యాగులోంచి తీసి వాసన చూసింది.

మళ్లీ చూసింది.

"ఏవండీ, కార్డు వాసన రావట్లేదు."

"మంచిదేగా."

"నిమ్మచెక్క రుద్దినా నా వేళ్లకి పోలేదు. పొడి రుమాలుతో తుడిస్తే దీనికెలా పోయింది?"

సురేంద్ర నవ్వు ఆగిపోయింది. వెంటనే బ్యాంకుకు ఫోన్ చేసి ఆమెకిచ్చాడు. అవతలి అమ్మాయి కార్డు చివరి నాలుగు అంకెలు అడిగింది. సత్యశ్రీ చూసి చదివింది.

"సారీ మేడమ్. అది మీ కార్డు కాదండి."

సత్యశ్రీ వెంటనే అడిగింది. "డబ్బు?"

"ఖాతాలోనే ఉందండి. మీ కార్డు బ్లాక్ చేస్తున్నాను."

కార్డు వాడి దగ్గరుంది. పిన్ వాడు చూశాడు. అరగంటైంది. మరి ఎందుకు తీయలేదు?

బండి వెనక్కి తిప్పారు.

ఏటీఎం ముందు బేసిన్ బోర్లా పడి ఉంది. రోడ్డు మీద చెల్లాచెదురైన చేపల్ని, పక్కనే పూలమ్మే రత్తమ్మ ఏరుతోంది.

"చేపలామె ఏరండీ?"

"తలుపులమ్మా? అంబులెన్సులో తీసుకెళ్లారమ్మా. ఆడి బండెనకాల పట్టుకుంది. వంతెన దాకా ఈడ్చుకుపోయాడు. తల పగిలినా చొక్కా వదల్లేదు. జేబు చిరిగి చేతికొచ్చింది."

రత్తమ్మ పూలబుట్టలోంచి చిరిగిన జేబుగుడ్డ తీసింది. "కొత్తపెళ్లికూతురొస్తే ఇమ్మంది. మళ్లీ మాట్లాడలేదు."

గుడ్డ మడతలో కార్డు. మూలన ఎండిన పొలుసు.

సత్యశ్రీ కార్డు తీసుకుంది. "నేనెవరో కూడా ఆవిడకి తెలీదండీ."

"మూడు నెలలైందమ్మా, మార్కెట్లో చోటొదిలేసి ఈ గుమ్మంలో కూర్చుంటోంది. ఇక్కడ నీ చేపలెవరు కొంటారే అని నేనే ఎగతాళి చేసేదాన్ని. 'నేను కూర్చుంది కొనేవోళ్ల కోసం కాదులే రత్తా' అనేది."

సత్యశ్రీ ఎడమ చేతిలో పొలుసు అంటిన కార్డు. కుడి చేతిలో ఆ యువకుడు అంటగట్టిన కార్డు. కంగారులో ఇందాక దాని మీది అంకెలే చూసింది.

ఇప్పుడు వెలుతురుకు తిప్పి చూసింది. అంకెల కింద, సగం అరిగిన అక్షరాల్లో ఉన్న పేరు తలుపులమ్మది.