పటంలో ఆఖరి ఊరు

కన్యాకుమారి ఒక్కటే మిగిలింది. అక్కడా కనబడకపోతే ఇక వెతకడానికి ఊరు లేదు.

రఘునాథ్ గోడమీది దేశపటం ముందు నిలబడ్డాడు. ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టిన పదకొండు ఊళ్లు. చుట్టింది కొడుకు అచ్యుత్.

"దేశమంతా చూసొస్త బాపూ" అన్నాడు మూడేళ్ల కిందట.

"పత్తర్‌గట్టిల గడియారాల దుకాణం ఎవడు చూస్తడ్రా?" అని రఘునాథ్ కొడుకు చెంప పగలగొట్టాడు. ఆ చెయ్యి విరిగిపోయినా బాగుండేది! తెల్లారేసరికి పిల్లాడు లేడు.

పోతే ఈ ఊళ్లకే పోతాడు కదా! కొడుకు ఫొటో పట్టుకుని మొదట పూరీ వెళ్లాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. తర్వాత నాసిక్, ఉదయపూర్, గౌహతి, కొచ్చి... ఎక్కడ చూపించినా తల అడ్డంగా ఊపేవాళ్లే. "వాడు లేడని తెల్సిన రోజు నేను గూడ ఉండ" అనేవాడు ఇంట్లో. ఉత్తమాట కాదు, అన్నంత పనీ చేసే మనిషి.

పక్క దుకాణం డానియేలు నోరు ఊరుకోదు. "మస్తు ఊళ్లు చూసినవన్నా!" అన్నాడు నిన్న.

"ఊళ్లేడ చూసిన భాయ్? మొఖాలు చూసిన."

భార్య సూర్యప్రభ ఎర్రగుడ్డలో కట్టిన చిన్న మూట తెచ్చింది. పూరీ నుంచి వచ్చినప్పటి నుంచీ ప్రతి ప్రయాణానికీ ఇదో మొక్కు. విభూతి అట.

"విప్పి చూడకుండ్రి. సముద్రంల మునిగి, పిల్లగాని పేరు తలుచుకొని వదలండ్రి."

"తొమ్మిది మూటలు నీళ్లల్ల కలిపిన. ఏమొచ్చింది ప్రభా? దేవుడు చెవిటోడైండా ఏంది?"

ఆమె మూట ముడి ఇంకాస్త బిగించింది.

"అక్కడ గూడ లేకుంటే ఏం జెయ్యాలె?"

"ఇంటికి రండ్రి. రాంగనే బయట నల్ల కాడ తలస్నానం జేసి లోపలికి రండ్రి."

ప్రయాణపు మైల అంటూ ప్రతిసారీ అదే మాట. ఏం చాదస్తమో అనుకుంటూ మూటను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆటో లాడ్ బజార్ వైపు మలుపు తిరిగేదాకా సూర్యప్రభ గుమ్మంలోనే నిలబడింది.

తర్వాత తలుపు గడియ పెట్టి అటక మీది ముంత దింపింది: భర్త పూరీలో ఫొటో చూపిస్తూ తిరుగుతున్న రోజు పోలీసులు ఫోన్ చేస్తే, అన్నను తోడు తీసుకుని నాగపూర్ శ్మశానానికి వెళ్లి తెచ్చుకున్న ఆ ముంతలో, అచ్యుత్ ఇక చిటికెడు కూడా మిగల్లేదు.