హాజరు పట్టీ

"చూశారా, ఈసారీ ఒక్కడూ రాలేదు. ఈ కాలం కుర్రకారుకి ఫోను తప్ప ఏదీ పట్టదు," అన్నాడు యువజన కమిటీ అధ్యక్షుడు, చెవి మీదికి కారుతున్న జుట్టు రంగు తుడుచుకుంటూ. "రాసుకోమ్మా, యువతకి ఆసక్తి లేదు."

మూడేళ్లుగా ప్రతి మీటింగులోనూ అదే మాట రాస్తున్న గుమాస్తా ఈసారీ తల వంచుకుని రాసింది. ఊళ్లో ఉన్న ఒక్క యువజన కేంద్రాన్నీ మూసేయడానికి ఆ మాట చాలు.

వాచ్‌మన్ తలుపు తోసి తొంగిచూశాడు. "అయ్యా, గేటు దగ్గర నలభై మంది పిల్లలు పొద్దుట్నుంచీ నిలబడ్డారు. కేంద్రం మూయొద్దని చెప్పుకుంటారట."

"మీటింగప్పుడు ఎవర్నీ రానివ్వొద్దన్నానా లేదా?"

"అన్నారయ్యా. మూడేళ్లుగా అలాగే తరిమేస్తున్నాను."

గుమాస్తా చేతిలో పెన్ను ఆగిపోయింది.

"వాళ్లొస్తే చర్చ సాగదమ్మా," అంటూ అధ్యక్షుడు బిస్కెట్ల పళ్లెం ముందుకు లాక్కున్నాడు.

ఆమె రాసింది కొట్టేసి, కింద గుండ్రటి అక్షరాలతో మళ్లీ రాసింది: "హాజరు: నలభై మంది, గేటు బయట. లోపల చెప్పుకోదగ్గవారెవరూ లేరు. కేంద్రం మూయరాదని తీర్మానించడమైనది."

"సంతకం పెట్టండి సార్."

అధ్యక్షుడు ఎప్పటిలాగే ఒక్క ముక్క చదవకుండా గీకి పారేశాడు.