మూడు నిమిషాలయ్యాయి

రెనే పెరట్లో బట్టలారేసే తీగ పక్కన నిలబడి ఏడుస్తోంది.

ఎదురుగా ఫోను. అందులో ఆమెని చూసేవాళ్ళు నలభై వేల మంది.

భర్త వదిలి వెళ్ళినప్పటి నుంచీ ఆమె దాచుకున్నదంటూ ఏమీ లేదు. పడకగదిలో గొడవలు, పిల్లాడు పక్క తడపడం, అన్నీ చెప్పేసుకునేది. ఎవరైనా అయ్యో పాపం అంటే ఆ పూటకి కడుపు నిండినట్టుండేది.

ఉన్నట్టుండి కంచె మీంచి గిన్నెలు తుడిచే గుడ్డ ఒకటి వచ్చి ఫోను మీద పడింది.

"మూడు నిమిషాలయ్యాయి తల్లీ. పొడిగిస్తావా?"

పక్కింటి మిసెస్ ట్రెగియర్. ఎనభై దాటిన మనిషి. చేతిలో బకెట్ నిండా నిమ్మకాయలు.

"మీకేం పని ఇక్కడ?" అంది రెనే.

"పనేం లేదు. ఏడుపు వినపడింది. టీ పెడతాను, రా. నాకు చెప్పుకో."

రెనే వెళ్ళలేదు. ఆ వీడియో మాత్రం వాళ్ళ ఊరు వండిల్లా గోధుమ పొలాలు దాటి ఎక్కడెక్కడికో వెళ్ళింది. జనం పడీ పడీ నవ్వారు. 'చెవులు రిక్కించే ముసలమ్మ' అని పేరు కూడా పడింది. ఆ పేరు పెట్టింది ఇంకెవరో కాదు, రెనేయే. ఆ తర్వాత ఆమె కావాలనే కంచె దగ్గర నిలబడి మాట్లాడేది. ముసలావిడ ప్రతిసారీ అదే మాట అనేది, జనం ప్రతిసారీ నవ్వేవారు.

ఒకరోజు ఆవిడ రెనే తల్లి పేరు అడిగింది. జానిస్ అనీ, పెళ్ళికి ముందు ఇటువైపే ఏదో చిన్న బళ్ళో టీచరుగా చేసిందనీ రెనే చెప్పింది.  ఆవిడ నాలుగు నిమ్మకాయలు కంచె మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

చలికాలంలో మిసెస్ ట్రెగియర్ పోయింది.

మనవణ్ణి చూడ్డానికి అడిలైడ్ నుంచి వచ్చిన జానిస్ కూడా కూతురితో పాటు అంత్యక్రియలకి వెళ్ళింది. తర్వాత ఊరి హాల్లో టీ, గుడ్డు శాండ్‌విచ్‌లు. కూతురి వీడియోలు చూడటం తనవల్ల కాదనేది జానిస్. అయినా రెనే ఫోను ఆమె ముందు పెట్టింది.

"ఇదొక్కటి చూడమ్మా. ఎంత తమాషా మనిషో."

జానిస్ చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది.

"మళ్ళీ పెట్టు," అంది.

మళ్ళీ విని, "ఈ మొహం నేనెప్పుడూ చూడలేదు. ఈ గొంతు మాత్రం నాకు తెలుసు," అంది.

ఆ రోజుల్లో బడి గోడకి ఒక ఫోను ఉండేదట. పిడి తిప్పితే వండిల్లా ఎక్స్ఛేంజి నుంచి ఈ గొంతు పలకరించి, లైను కలిపేదట. మూడు నిమిషాలకోసారి మధ్యలో వచ్చి పొడిగిస్తావా అని అడిగేదట. పొలాల మధ్య ఒంటరిగా ఉన్న ఇరవై రెండేళ్ళ టీచరుకి ఆ గొంతు వింటే ప్రాణం లేచొచ్చేదట. చెబుతూ చెబుతూ జానిస్ కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు కడుపులో పడ్డావని తెలిసిన రోజు ఆ ఫోనులో గంటసేపు ఏడ్చాను. ఆవేళ ఒక్కసారి కూడా మధ్యలోకి రాలేదు. చివర్లో మాత్రం, టీ పెట్టుకో తల్లీ, అంది."

"ఎవరితో మాట్లాడావు? ఏమన్నారు?"

"అది నాకూ ఆవిడకీ తెలుసు. ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియలేదు."

రెనే ఫోను బోర్లా పెట్టింది.

వినేవాళ్ళు లేరనే కదా తను నలభై వేల మంది ముందు నిలబడింది. ఊరందరి ఏడుపులూ విని ఒక్క మాటా పెదవి దాటనివ్వని టెలిఫోన్ ఆపరేటరు అన్నాళ్ళూ ఆ కంచె అవతలే, నిమ్మకాయలు పట్టుకుని, తన కోసం ఎదురుచూసింది.