ఎర్రదారానికి వేలాడిన గడ్డ

కొండమీద మిగిలిన ఒకే ఒక్క అడవి ఉల్లిగడ్డను ఎవరో తవ్వుకుపోయారు! పది రోజుల ముసురు తగ్గాక కొండెక్కిన అటవీశాఖ వాచర్ ఓబులమ్మ ఆ ఖాళీ చోటు చూసి నెత్తి కొట్టుకుంది.

"ఏదుపంది తినేసిందేమోలే," అన్నాడు వెంట వచ్చిన మొగుడు సుంకన్న.

"తిని, గుంత పూడ్చి, చదును చేసి పోయిందా? నీకు బుద్ధుందా?"

ప్రతి అరుదైన మొక్కకూ ఒక కాపలా డ్రోన్ ఉన్న రోజులవి. ఈ గడ్డను కాసే డ్రోన్ ఓబులమ్మ ఇంట్లోనే ఛార్జింగ్ పెట్టుకుంటూ, ఆమె మాటలే వింటూ పెరిగింది. ముసురు పట్టాక మాత్రం ఇంటికి రాకుండా కొండమీది టవర్ దగ్గరే ఛార్జింగ్ పెట్టుకుని ఉండిపోయింది. ఇప్పుడు పిలవగానే మెల్లగా దిగింది. దాని పొట్ట కింద ఎర్రదారానికి గడ్డ ఊగుతోంది. మట్టి లేకుండానే పొడవాటి కాడ వేసి, నిండా పూసింది!

"ఏందిరా ఇది?" ఓబులమ్మ కేక పెట్టింది.

"నేనే నా ఇనప చేత్తో తవ్వినా అత్తా," అంది డ్రోన్. "నేను రెండుసార్లు చెట్టుకు గుద్దుకుంటే దిష్టి తగిలిందన్నావు. దిష్టి తగలకుండా మీ అమ్మ గుమ్మానికి అడవి ఉల్లిగడ్డ కట్టేదన్నావు. నేనూ కట్టుకున్నా. మళ్లీ గుద్దుకుంటే ఒట్టు! విత్తనాలు పండేదాకా ఉంచుకోనీ అత్తా, కొండంతా చల్లుకుంటా తిరుగుతా."