నీలిగీత లేని దారి

రోడ్ల మ్యాపుల పుస్తకం ఒళ్లో పెట్టుకుని రాష్ట్రమంతా చుట్టబెట్టడం ఆ భార్యాభర్తలకు పిచ్చి. వెళ్తున్న దారి మీద ఆమె ఎర్రపెన్సిలుతో గీత గీస్తుంది. క్షేమంగా ఇల్లు చేరాక దాని పక్కనే నీలిగీత.

ఆ రాత్రి అడవిదారిలో, కారులోని చిన్న లైటు వెలుగులో, ఆమె కొత్త పేజీ తిప్పింది. వాళ్లు పోతున్న దారి మీద అప్పటికే ఎర్రగీత ఉంది. గతుకులకు వంకర్లు పోయిన గీత, అచ్చం తను గీసినట్టే. పక్కన నీలిగీత మాత్రం లేదు.

"ఏవండీ, ఈ దారిన మనం ఎప్పుడైనా వచ్చామా?"

"మతిగాని పోయిందా నీకు? ఇదే మొదటిసారి."

ఆమె పుస్తకం టక్కున మూసేసింది. "కారు వెనక్కి తిప్పండి. మీకు దణ్ణం పెడతాను."

అతను తల తిప్పలేదు. వేగమూ తగ్గించలేదు.

"పోయినసారీ ఇక్కడికొచ్చేసరికి ఇదే మాటన్నావు," అన్నాడు.